తొమ్మిదో పుస్తకంలో ఈనెపుల్ల

నా పెళ్లిని నేనే, నా చేతులతోనే, అదీ ఒక చీపురు ఈనెతో చెడగొట్టుకున్న వైనం చెబుతాను, వినండి. మాటపట్టింపులతో చెడిన సంబంధాలు మీరు చాలా చూసి ఉంటారు. ఎవరో గిట్టనివాళ్లు లేనిపోనివి చెప్పగా చెడినవి కూడా చూసి ఉంటారు. ఈనెపుల్లతో చెడినది మాత్రం కోనసీమ మొత్తం మీద నాదొక్కటే. ఇందులో నాకు గిట్టనివాళ్లెవరూ లేరు. ఉన్నదల్లా నా తెలివితేటలే.

ఎనభైల మొదట్లో మాట. మాది కొత్తపేట. నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరు, అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. నేను డిగ్రీ పూర్తి చేసి, టీచరు ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఎదురుచూడడం అంటే ఏమీ లేదు, బొమ్మల పుస్తకాలు చదవడం.

అప్పట్లో 'గొంగళి వీరుడు' అని ఒక బొమ్మల కథ నెలనెలా వచ్చేది. నా చిన్నప్పుడు మొదలైంది, నేను ఓణీలు వేసుకున్నా అయిపోలేదు, చీరలు కట్టినా అయిపోలేదు. అందులో వీరుడు ఎండైనా వానైనా తల మీంచి గొంగళి కప్పుకునే తిరుగుతాడు. పడవ నడుపుతాడు, దొంగల్ని పట్టుకుంటాడు, రాజకుమారి మందాకినిని మొసలి నోట్లోంచి లాగుతాడు. మొహం మాత్రం ఎవరికీ చూపించడు. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల షాపు నడిపే అబ్బులు గారు ఆ సంచికల్ని కొన్నేసి చొప్పున కలిపి, అట్టలేసి, బైండు కుట్టి ఒకటో పుస్తకం, రెండో పుస్తకం అని అద్దెకిచ్చేవారు.

అన్ని పుస్తకాలుంటే కొత్తగా వచ్చినవాడు ఎక్కడ మొదలెట్టాలి? ఇదీ సమస్య. ఒకటో పుస్తకం నుంచి అంటారు మీరు. అలా అన్నవాళ్లంతా మధ్యలోనే మానేశారు. ఎందుకంటే ఒకటో పుస్తకంలో వీరుడు ఉయ్యాల్లో ఉంటాడు. చివరికొచ్చేసరికి బోర్లాపడతాడు. మధ్యలో ఉన్నదంతా వాళ్ల తాతగారి యుద్ధం. నా సిద్ధాంతం వేరు. కొత్త పాఠకుణ్ణి వీధి గుమ్మంలోంచి కాదు, వంటింటి గుమ్మంలోంచి తీసుకురావాలి. ముందు పోపు వాసన తగిలితే మనిషి తనే పీట వాల్చుకుంటాడు.

ఈ వైద్యంలో నాకు ఊళ్లో మంచి పేరుండేది. కొత్త మనిషి షాపుకొస్తే అబ్బులు గారు, "ఆయ్, ముందు హెడ్మాస్టారి అమ్మాయిగారిని కనుక్కోండి" అని మా ఇంటికి పంపేవారు. నేను మనిషిని చూసి మందిచ్చేదాన్ని. పోస్టుమాస్టరు గారికి నిధి దొరికే నాలుగో పుస్తకం ఇచ్చాను. కాంపౌండరు గారికి విషప్రయోగం జరిగే ఆరోది ఇచ్చాను. ఎక్కడ మొదలెట్టాలో అక్కడ చీపుర్లోంచి ఒక కొబ్బరి ఈనె లాగి, తుంచి, పేజీల మధ్య పెట్టి ఇచ్చేదాన్ని. ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. మా ఇంట్లో చీపురు రోజురోజుకీ చిక్కిపోతోందని అమ్మ ఆశ్చర్యపోతుండేది.

ఇంతలో నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు ప్రభాకర్, రాజోలు దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టారు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే నాయనమ్మ మార్తమ్మ గారే పెంచి పెద్దచేశారు. ఈ సంబంధం తెచ్చింది మా పాస్టరు గారి భార్య. మేమంతా ఆవిణ్ణి అమ్మగారనే పిలుస్తాం.

పెళ్లిచూపుల రోజున అమ్మ నాకు పాఠం చెప్పింది.

"ఏం చదువుతావని అడిగితే?"

"బైబిలు వాక్యం చదువుకుంటాననాలి."

"ఇంకా?"

"వంటల పుస్తకం."

"ఇంకా?"

"ఇంకేమీ లేదనాలి."

"బంగారు తల్లివి" అని మెటికలు విరిచింది అమ్మ.

వాళ్లు వచ్చారు. తలుపు సందులోంచి చూశాను. సన్నగా, చామనఛాయలో, బుద్ధిమంతుడిలా ఉన్నాడు. చెవులు మాత్రం దేవుడు కాస్త ధారాళంగా ఇచ్చాడు. అమ్మ జంతికలు పెట్టింది. ఆయన ఒకటి కొరికాడు. అది పటుక్కుమని హాలంతా వినిపించింది. బెదిరిపోయి, ఆ మిగిలిన ముక్కని ఎవరూ చూడకుండా టీలో నానబెట్టి తిన్నాడు. అప్పుడే నాకు నచ్చేశాడు. దాచడమెందుకు, బాగా నచ్చేశాడు.

ప్రార్థన అయ్యాక అమ్మగారు, "బాబూ, నువ్వేవైనా అడుగుతావా?" అన్నారు.

ఆయన గొంతు సవరించుకుని, "ఏం పుస్తకాలు చదువుతారండీ?" అని అడిగాడు.

అంతే, అమ్మ చెప్పిన పాఠం గోదాట్లో కలిసింది. "గొంగళి వీరుడండీ!" అనేశాను. నాన్నగారు కళ్లు మూసుకున్నారు. బొమ్మల పుస్తకాలు పిల్లల్ని పాడుచేస్తాయని స్కూల్లో ప్రతి సోమవారం ఉపన్యాసమిచ్చే మనిషి ఆయన.

ప్రభాకర్ మాత్రం నవ్వలేదు. "నేనెప్పుడూ చదవలేదండి. చాలా పుస్తకాలున్నాయంట కదా. ఎక్కడ మొదలెట్టమంటారు?" అన్నాడు.

చూడండి, అంతకుముందు వచ్చిన పెళ్లికొడుకులు పాట పాడమన్నారు, పులుసు పెట్టడం వచ్చా అన్నారు. నా శాస్త్రంలో నన్ను సలహా అడిగిన మొదటి పెళ్లికొడుకు ఈయనే. ఒళ్లంతా పులకరించిపోయింది. లోపలికి పరిగెత్తి తొమ్మిదో పుస్తకం తీశాను. చీపుర్లోంచి ఈనె లాగాను. పెట్టవలసిన చోట పెట్టాను.

ఆ చోటేదో మీకు చెప్పాలి. మందాకిని గొంగళి వీరుణ్ణి ప్రేమిస్తుంది. రాజుగారేమో పొరుగు దేశపు రాజకుమారుడితో పెళ్లి ఖాయం చేస్తాడు. అసలు రహస్యమేమిటంటే, ఆ రాజకుమారుడే గొంగళి వీరుడు. వాడికి చేటలంత చెవులు. ఎవరైనా గుర్తుపట్టేస్తారని ఇన్నేళ్లూ గొంగళి కప్పుకు తిరుగుతున్నాడు. ఈ సంగతి పదో పుస్తకంలో గాని బయటపడదు. తొమ్మిదో పుస్తకంలో పెళ్లిపీటల దాకా వచ్చినా మందాకినికి తెలియదు. తను ప్రాణం పెట్టుకున్నవాడే పక్కన కూర్చున్నాడని తెలియక ఆ పిచ్చిపిల్ల ఏదో అంటుంది. ఆ పేజీ చూసినప్పుడల్లా నా కళ్లలో నీళ్లు తిరిగేవి. ప్రపంచంలో అంతకంటే తీయటి పేజీ లేదని నా నమ్మకం. అదీగాక ఆ చెవులు, ఈ చెవులు... 'మీరే నా గొంగళి వీరుడండీ' అని చెప్పడానికి ఆడపిల్లకి ఇంతకంటే మర్యాదైన దారి ఏముంటుంది చెప్పండి!

పుస్తకం ఆయన చేతికివ్వడం బాగుండదని మార్తమ్మ గారి చేతికిచ్చాను. "ఈనె పెట్టిన చోటు నించి మొదలెట్టమనండి" అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, పుస్తకం సంచిలో పెట్టుకున్నారు.

వారమైంది. కబురు లేదు. ఆ తరువాతి ఆదివారం ఆరాధనయ్యాక అమ్మగారు మా ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, నాన్నగారితో నెమ్మదిగా అన్నారు.

"ప్రార్థనలో పెట్టేరంటండి."

నాన్నగారి మొహం వాడిపోయింది. ఎందుకో చెప్పాలి. మా గోదావరి వాళ్లు ఎదుటి మనిషిని కష్టపెట్టే మాట చచ్చినా అనరు. అందులో మా సంఘం వాళ్లు మరీను. సంబంధం ఇష్టమైతే మర్నాడే తాంబూలాలకి కబురొస్తుంది. ఇష్టం లేకపోతే ప్రార్థనలో పెడతారు. అలా ప్రార్థనలో పెట్టిన సంబంధం తిరిగి బయటికి రావడం మా ఊళ్లో ఎవరూ ఎరగరు.

"మా అమ్మాయిలో ఏం లోపం కనిపించిందండీ?" అంది అమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

"అదేవిటండీ టీచరు గారూ! వద్దన్నది మీ అమ్మాయి కదండీ!"

"మా అమ్మాయా?"

"ఆయ్! పేజీలో గుర్తు పెట్టి మరీ చెప్పిందంట కదండీ. మార్తమ్మ గారు బస్సులోనే తీసి చూసేరంట. పి. గన్నవరంలో బస్సు మారేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుంటన్నారంట. పిల్లాడు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదంటండి, పాపం."

అప్పటికి నాకు సంగతి అర్థం కావడం మొదలైంది. ఎందుకంటే మా వాళ్లలో ఒక అలవాటుంది. మొహం మీద చెప్పలేని మాటని బైబిల్లో వెతికి, అక్కడ గుర్తు పెట్టి, పుస్తకం అవతలివాళ్ల చేతికిస్తారు. తీసి చదువుకున్నవాళ్లకి విషయం బోధపడుతుంది. ఒకసారి మా అమ్మకీ పక్కింటి రూతమ్మత్తకీ రెండిళ్ల మధ్య దడి విషయంలో మాటల్లేకుండా పోతే, ఇద్దరూ ఇలా గుర్తులు పెట్టి పుస్తకాలు పంపుకుంటూనే దెబ్బలాడుకున్నారు. చివరికి అలాగే రాజీపడ్డారు కూడా. ఈ అలవాటు మధ్య పుట్టి పెరిగినదాన్ని నేను. నాకు మాత్రం ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

"ఏ పేజీలో పెట్టేవే?" అంది అమ్మ.

"మంచి పేజీలోనే పెట్టేనమ్మా! ప్రేమగా ఉండే పేజీలోనే!"

"ఏముందక్కడ?"

అక్కడ మందాకిని మనసులో ఏముందో నాకు తెలుసు. ముందేం జరగబోతోందో తెలుసు. ఆ పేజీలో అక్షరాలా ఏముందో మాత్రం గుర్తుకు రాలేదు.

చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా బస్టాండుకి పరిగెత్తాను.

"అబ్బులు గారూ, తొమ్మిదో పుస్తకం ఇంకోటుందాండీ?"

"ఉందండి. ఎవరికండీ?"

"నాకే."

"మీకేంటండీ, మీకు కంఠతా కదండీ!"

"ఈసారి ఏమీ తెలియనిదానిలా చదవాలండి."

తీశాను. ఏమీ తెలియనిదానిలా చదివాను. పేజీ నిండా ఒకటే బొమ్మ. పెళ్లిపీటల మీంచి మందాకిని లేచి నిలబడింది. మెళ్లో దండ తెంపి వరుడి మొహాన కొట్టింది. అరచేయంత అక్షరాలతో మాట: "ఈ చేటచెవుల వాడితో పెళ్లా! ఇంతకంటే ఏట్లో దూకడం నయం!" కింద వరుడు. సన్నగా, చామనఛాయలో, బుద్ధిమంతుడిలా, ధారాళమైన చెవులతో, అచ్చు మా ప్రభాకర్.

"అయ్యబాబోయ్!" అని షాపు మెట్ల మీద కూలబడ్డాను.

"ఏమైందండీ? ఎక్కడ మొదలెట్టాలో అందరికీ చెప్పేది మీరే కదండీ" అన్నారు అబ్బులు గారు. ఆయనకేం తెలుసు, పాపం!

అద్దె షాపు మెట్ల మీద అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఎక్కడ మొదలెట్టాలో చెప్పే మనిషికి కథంతా తెలుసు. మొదలెట్టేవాడికి ఆ ఒక్క పేజీయే తెలుసు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు బంగారం లాంటి సంబంధం ఖర్చయింది. పదో పుస్తకం కూడా అద్దెకి తీసుకుని ఏడుస్తూ ఇంటికొచ్చాను.

నాన్నగారికి జరిగిందంతా చెప్పాను. "అంటే, ఆ అబ్బాయి నీకు ఇష్టమేనా?" అన్నారు.

"ఇష్టమేనండి."

"మరి ఆ ముక్క నోటితో చెబితే పోయేది కదమ్మా!"

నిజమే. కానీ మా ఇంట్లో ఎవరు ఏం ముక్క నోటితో చెప్పారు కనక!

తనే రాజోలు వెళ్లి మాట్లాడాలని నాన్నగారు బట్టలు ఇస్త్రీ చేయించుకున్నారు. ఆయన బయల్దేరేలోపే, ఒక శనివారం పొద్దున్న, మార్తమ్మ గారే మా ఇంటికొచ్చారు. ప్రభాకర్ కూడా వచ్చాడు గాని, తప్పిపోయిన సంబంధం ఇంట్లోకి రావడం మర్యాద కాదని ఎదురుగా కాలవ వంతెన మీద నిలబడిపోయాడు.

మార్తమ్మ గారు సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. ఈనె పెట్టినచోటే ఉంది.

"మీ పుస్తకం మా ఇంట్లో ఉండిపోతే బాగోదండి, ఇచ్చేసి వెళ్దారని వచ్చేం. పిల్ల మనసు పిల్లది. మాకేం మనసులో లేదండి" అన్నారు.

"అది కాదండీ..." అని నాన్నగారు మొదలెట్టబోయారు.

"మీరేవీ చెప్పకండి మాస్టారూ. పిల్లని ఒక్క మాట కూడా అనకండి."

అమ్మ టీ ఇచ్చింది. ఆవిడ తాగారు. లేవలేదు. కళ్లజోడు తుడుచుకున్నారు. లేవలేదు. గుమ్మం వైపు చూశారు, పుస్తకం వైపు చూశారు, చివరికి నా వైపు చూశారు.

"ఏవమ్మా, ఒక్క మాట అడుగుతాను, ఏవనుకోకు. ఆ పిల్ల ఏట్లో దూకిందా?"

"అండీ?"

"అదే, ఆ రాజుగారి పిల్ల. పుస్తకం చివర ఏటిగట్టు మీద నిలబెట్టి వదిలేసేరు. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదమ్మా నాకు. తల్లి లేని పిల్లంట కదా! దూకేసిందా?"

ఇక్కడ మీరు నన్ను తిట్టుకోవచ్చు. 'లేదండీ, ఆ చెవులాయనే గొంగళి వీరుడండీ, నాకు మీ మనవడు ఇష్టమండీ' అంటే అయిపోయేది. కానీ ఎన్నో ఏళ్ల వైద్యవృత్తి నాది. కథ ముందుగా చెప్పేయడం మహాపాపమని అందరికీ బోధించినదాన్ని.

"చెప్పవే!" అని అమ్మ నా వీపు మీద గిల్లింది.

"చెప్పకూడదమ్మా!"

"నీ పెళ్లే!"

"అయినా చెప్పకూడదమ్మా! చదవాలి!"

పదో పుస్తకం తెచ్చి మార్తమ్మ గారి ఒళ్లో పెట్టాను. ఆవిడ ఈనె కోసం పేజీలు తిరగేశారు.

"గుర్తు పెట్టలేదేమ్మా?"

"లేదండీ. మొదటి పేజీ నించే చదవండి" అన్నాను బుద్ధిగా.

ఆవిడ చదువు మిషను బళ్లో నేర్చిన చదువు. పైకి చదవాలి, అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి, బొమ్మలో ఉన్న ప్రతి మనిషినీ వేలితో తాకాలి. పదో పుస్తకం మొదట్లో యుద్ధం. ఆవిడ చచ్చిన ప్రతి సైనికుడికీ "అయ్యో, నాయనా" అన్నారు. నాన్నగారు గోడకానుకుని నిలబడ్డారు. అమ్మ పొయ్యి మీద పాలు మర్చిపోయింది. కాలవ వంతెన మీద ప్రభాకర్ ఎండలో రుమాలు నెత్తిన వేసుకున్నాడు. రాజోలు వైపు బస్సొకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. మా ఇంట్లో ఒక్కరు కదల్లేదు.

ఆఖరికి ఏటిగట్టు వచ్చింది. మందాకిని దూకింది. "యేసయ్యా!" అన్నారు మార్తమ్మ గారు. గొంగళి వీరుడు కూడా దూకాడు. ఆవిడ పేజీ తిప్పారు. నీళ్లలో గొంగళి కొట్టుకుపోయింది. వీరుడు తల పైకెత్తాడు. రెండు పక్కలా, పేజీ అంచుల దాకా, చెవులు.

ఆవిడ ఆ బొమ్మని వేలితో తాకారు. బల్ల మీది తొమ్మిదో పుస్తకం తీసి ఈనె పెట్టిన పేజీ చూశారు. మళ్లీ పదోది చూశారు. కళ్లజోడు పైకి నెట్టి నా మొహం చూశారు. నేను తల దించుకున్నాను. ఒంట్లో ఉన్న రక్తమంతా బుగ్గల్లోకి వచ్చేసిందనుకుంటాను.

"ఓసి పిచ్చిపిల్లా!" అన్నారు.

లేచి, వీధి గుమ్మంలోకెళ్లి, కాలవ గట్టంతా వినపడేలా కేకేశారు.

"ఒరేయ్ ప్రభాకరం! వచ్చేయ్ రా లోపలికి! ఆ గొంగళోడివి నువ్వేనంట్రా!"

ఆయన అర్థం కాక, నెత్తిన రుమాలుతోనే పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో నాన్నగారు ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. ప్రార్థనలో పెట్టిన సంబంధం తిరిగి బయటికి రావడం ఆ రోజే మా ఊరు మొదటిసారి చూసింది. వాళ్లు వెళ్లాక నాన్నగారు ఎవరూ లేకుండా చూసి నా దగ్గరకొచ్చి, దగ్గి, "ఇదీ... ఎక్కడ మొదలెట్టాలమ్మా?" అన్నారు. ఒకటో పుస్తకం ఇచ్చాను. ఆయనకి తాతగారి యుద్ధం తెగ నచ్చింది.

మా పెళ్లికి అబ్బులు గారు తొమ్మిదీ పదీ పుస్తకాలు కొత్త అట్టలేసి బహుమతిగా ఇచ్చారు. నేను కాపరానికి వెళ్లిన మర్నాడు మార్తమ్మ గారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని జడ వేస్తూ అన్నారు.

"ఈ ఇంటి కథ నీకు తెలియాలి కదే. చాలా పెద్దది. మొదట్నించీ చెబితే పారిపోతావు. ఎక్కడ మొదలెట్టమంటావు?"

"మీ ఇష్టమండీ."

"అయితే మీ తాతగారు నన్ను చూడ్డానికొచ్చిన రోజు నించి చెబుతాను. తలుపు సందులోంచి చూసేను. చూసి, ఆ మనిషిని చేసుకోనని మూడ్రోజులు అన్నం మానేసేను."

"ఎందుకండీ?"

ఆవిడ జడ ఆపి, పెరట్లో మొక్కలకి నీళ్లు పోస్తున్న మనవడి వైపు గడ్డంతో చూపించి, "ఆ చెవులు మరి ఎక్కణ్ణించొచ్చేయనుకుంటన్నావే?" అన్నారు. ఇద్దరం ఎంత నవ్వామంటే ఆయన బకెట్టు పట్టుకునే వచ్చి, ఏమైందని అడిగాడు. మేం చెప్పలేదు. కథ ముందుగా చెప్పేయకూడదు కదా!

కనుక దేవుని ఎదుటా, ఈ పాఠకుల ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరడిగినా, ఎంత బతిమాలినా, కలిమిలో గాని లేమిలో గాని, ఏ కథైనా సరే ఒకటో పుస్తకం ఒకటో పేజీ నుంచే మొదలెట్టమంటాను. నా పెళ్లయ్యాక ఇన్నేళ్లలో మా ఇంట్లో ఒక్క ఈనె కూడా చీపురు దాటి బయటికి రాలేదు. తొమ్మిదో పుస్తకంలో ఉన్నదొక్కటి తప్ప. దాన్ని తీయనివ్వడం లేదు మా చెవులాయన.